వాపిటి నుంచి మిగ్-25 దాకా: హైదరాబాదీ ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ కెరీర్

  వీడియో చూసే టైమ్ లేనివాళ్ళ కోసం, బస్సులో సౌండ్ పెట్టుకోలేనివాళ్ళ కోసం ఎప్పట్లాగే ఈ ఎపిసోడ్ మొత్తం ఇక్కడ టెక్స్ట్‌గా ఇస్తున్నాం.

చిలకలూరిపేట నుంచి ఒంగోలు వైపు నేషనల్ హైవే 16 మీద వెళ్తుంటే రేణింగవరం, కొరిశపాడు మధ్య రోడ్డు ఉన్నట్టుండి మారిపోతుంది. మలుపు ఉండదు, నున్నటి కాంక్రీటు. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. అది రోడ్డు మాత్రమే కాదు, రన్‌వే కూడా. ఎయిర్‌ఫోర్స్‌కి అవసరం వస్తే ట్రాఫిక్ ఆపేసి విమానాలు దించడానికి కట్టారు. 2022 డిసెంబరు 29న ఇక్కడ మొదటి ట్రయల్ జరిగింది. ఆ రోజు విమానాలు కిందకి వచ్చి, టైర్లు నేలకి ఆనించకుండానే మళ్ళీ లేచిపోయాయి. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ నిజంగానే దిగి, మళ్ళీ ఎగిరాయి. చుట్టుపక్కల ఊళ్ళ జనం పొలాల గట్ల మీద నిలబడి చూశారు.

ఆ తర్వాత చాలామంది కుర్రాళ్ళ దగ్గర ఒకటే ప్రశ్న. "అన్నా, అసలు ఎయిర్‌ఫోర్స్‌లో పెద్ద ఆఫీసర్ ఎలా అవుతారు? మన తెలుగు నేల నుంచి ఎవరైనా టాప్ దాకా వెళ్ళారా?"

వెళ్ళారు. టాప్ అంటే టాపే. ఎయిర్‌ఫోర్స్ మొత్తానికి చీఫ్. పేరు ఇద్రీస్ హసన్ లతీఫ్. హైదరాబాదులో పుట్టి, నిజాం కాలేజీలో చదువుకున్న మనిషి. ఈరోజు ఆయన కెరీర్ స్టెప్ బై స్టెప్ చూద్దాం. మధ్యమధ్యలో ఎయిర్‌ఫోర్స్ ఎలా పని చేస్తుందో కూడా చెప్తా. చివర్లో మీ వయసు బట్టి మీకు ఏ దారి ఉందో లెక్క చూద్దాం. ఆ లెక్క మాత్రం స్కిప్ చేయకండి.

ముందు నిచ్చెన అర్థం చేసుకుందాం

సాఫ్ట్‌వేర్ కంపెనీలో ట్రైనీ, డెవలపర్, లీడ్, మేనేజర్ అని ఉన్నట్టు ఎయిర్‌ఫోర్స్‌లోనూ ఒక నిచ్చెన ఉంది. ఆఫీసర్‌గా చేరితే మొదటి మెట్టు ఫ్లయింగ్ ఆఫీసర్. తర్వాత ఫ్లైట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్, వింగ్ కమాండర్, గ్రూప్ కెప్టెన్, ఎయిర్ కమొడోర్, ఎయిర్ వైస్ మార్షల్, ఎయిర్ మార్షల్. అన్నిటికంటే పైన ఎయిర్ చీఫ్ మార్షల్. ఆ చివరి ర్యాంకులో సర్వీసు చేసే చీఫ్ ఒక్కరే ఉంటారు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఇప్పటి పద్ధతిలో వింగ్ కమాండర్ దాకా ప్రమోషన్ ఎక్కువగా సర్వీసు ఏళ్ళని బట్టి వస్తుంది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేసి, పెట్టిన పరీక్షలు పాసైతే సుమారు పదమూడేళ్ళకి అక్కడికి చేరతారు. ఆ పైన మాత్రం బోర్డు కూర్చుని సెలెక్ట్ చేస్తుంది. అక్కణ్ణుంచి ప్రతి మెట్టు దగ్గరా చాలామంది ఆగిపోతారు. అది వాళ్ళ తప్పు కాదు, పైన కుర్చీలు తక్కువ, అంతే. మిర్చి యార్డులో బస్తాలు వేలల్లో వస్తాయి, ఫస్ట్ గ్రేడు పడేది కొన్నిటికే కదా.

ఇంకో మాట. ఆఫీసర్లు వేరు, ఎయిర్‌మెన్ వేరు. అగ్నివీర్ వాయు అనేది ఎయిర్‌మెన్ వైపు ఎంట్రీ. మన ఏరియాలో ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడతారు. దీని సంగతి చివర్లో చూద్దాం.

1941: పద్దెనిమిదేళ్ళ కుర్రాడు

లతీఫ్ 1923 జూన్ 9న పుట్టారు. 1941లో, అంటే పద్దెనిమిదేళ్ళకి, అప్పటి ఇండియన్ ఎయిర్‌ఫోర్స్‌కి అప్లై చేశారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ట్రైనింగ్ పూర్తయి కమిషన్ వచ్చింది 1942 జనవరి 26న. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మొదటి పోస్టింగ్ కరాచీ. పని ఏంటంటే అరేబియా సముద్రం మీద ఎగురుతూ శత్రువుల సబ్‌మెరీన్ల కోసం వెతకడం. ఏ విమానాల్లో అనుకుంటున్నారు? వాపిటి, హార్ట్, ఆడాక్స్. రెండేసి రెక్కలు ఒకదాని మీద ఒకటి ఉండే పాతకాలపు బైప్లేన్లు. పైలట్ కూర్చునే చోట పైకప్పు కూడా ఉండదు. వాపిటి గరిష్ఠ వేగం గంటకి 220 కిలోమీటర్ల దగ్గరే. ఇప్పుడు మన ఊళ్ళలో కుర్రాళ్ళు యూట్యూబ్‌లో చూసే స్పోర్ట్స్ బైకుల్లో కొన్ని దానికంటే స్పీడుగా పోతాయి. దాంట్లో కూర్చుని కింద నీళ్ళు తప్ప ఏమీ కనపడని చోట గంటల తరబడి తిరగాలి. జీపీఎస్ లేదు. ఇంజిన్ ఆగిందా, సముద్రమే.

1943లో కొద్దిమంది భారతీయ పైలట్లను బ్రిటన్‌కి పంపారు. వాళ్ళలో లతీఫ్ ఒకరు. అక్కడ హరికేన్, స్పిట్‌ఫైర్ లాంటి అప్పటి టాప్ ఫైటర్లు నడపడం నేర్చుకున్నారు. 1944లో తిరిగొచ్చి బర్మా యుద్ధంలోకి దిగారు. ఏడో నంబర్ స్క్వాడ్రన్, విమానం వెంజన్స్. దాన్ని డైవ్ బాంబర్ అంటారు. పైనుంచి దాదాపు నిట్టనిలువుగా కిందకి దూకుతూ బాంబు వదిలి, నేలని తాకకముందే విమానాన్ని మళ్ళీ పైకి లేపాలి. అప్పటికి ఆయన వయసు ఇరవై ఒకటి. మన లెక్కలో బీటెక్ ఫైనలియర్.

1947: అసలు పరీక్ష

ఇక్కడే కథ మారుతుంది.

దేశం రెండైంది. దాంతోపాటు ఎయిర్‌ఫోర్స్ కూడా రెండైంది. విమానాలు, స్పేర్ పార్టులు, బేసులు అన్నీ పంచారు. మనుషులకి మాత్రం ఎటు వెళ్తారో ఎంచుకునే అవకాశం ఇచ్చారు. ముస్లిం ఆఫీసర్ల ముందు ఉన్న ప్రశ్న సూటిగా ఇది: ఇండియానా, పాకిస్తానా?

లతీఫ్ మద్రాసులో మూడో నంబర్ స్క్వాడ్రన్‌లో ఉన్నప్పుడు ఆయనతో పాటు పని చేసినవాళ్ళలో ఇద్దరి పేర్లు చెప్తా. అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్. తర్వాత కాలంలో వాళ్ళిద్దరూ ఒకరి తర్వాత ఒకరు పాకిస్తాన్ ఎయిర్‌ఫోర్స్‌కి అధిపతులయ్యారు. కొత్త ఎయిర్‌ఫోర్స్‌లోకి వచ్చెయ్యమని వాళ్ళు లతీఫ్‌ని అడిగారు. అక్కడ అంతా కొత్త, అనుభవమున్న ఆఫీసర్లు తక్కువ, ప్రమోషన్లు చకచకా వస్తాయి. కెరీర్ ఒక్కటే చూసుకుంటే అది మంచి ఆఫరే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆయన సొంతూరు హైదరాబాదు. 1947 ఆగస్టు 15 నాటికి హైదరాబాదు సంస్థానం ఇండియాలో కలవలేదు. మన గుంటూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉంది. కృష్ణకి ఇవతల పల్నాడు, అవతల నిజాం రాజ్యం. ఏరు దాటితే వేరే ప్రభుత్వం. 1948 సెప్టెంబరులో జరిగిన ఆపరేషన్ పోలోలో షోలాపూరు వైపు నుంచి ప్రధాన సైన్యం కదిలితే, ఇటు విజయవాడ వైపు నుంచి కూడా ఒక సైన్యం సూర్యాపేట మీదుగా వెళ్ళింది. అప్పుడు గానీ హైదరాబాదు ఇండియాలో భాగం కాలేదు.

ఇప్పుడు ఆ ఇరవైనాలుగేళ్ళ మనిషి స్థానంలో ఉండి ఆలోచించండి. మతం పేరు చెప్పి ఒక దేశం పిలుస్తోంది. పుట్టిన ఊరు ఏ దేశంలో ఉంటుందో ఇంకా తేలలేదు. యూనిఫాం వేసుకున్న దేశంలో రేపు తనని నమ్ముతారా లేదా అనేది కూడా తెలియదు. ఎటు వెళ్ళినా ఏదో ఒకటి పోతుంది.

లతీఫ్ ఇండియాలోనే ఉండిపోయారు. మతానికీ దేశానికీ ముడిపెట్టకూడదు అన్నది ఆయన లెక్క.

దీన్ని సినిమా డైలాగులా తీసుకోకండి. 1947లో ఆ నిర్ణయం తీసుకున్న రోజు చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు. ఆయన చీఫ్ అవుతారని ఎవరికీ తెలియదు, ఆయనకీ తెలియదు. నిర్ణయం తీసుకున్న మర్నాడు మళ్ళీ మామూలుగా డ్యూటీకి వెళ్ళాలి, అంతే. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు ఆ డ్యూటీ చేశారు. నమ్మకం సంపాదించడం అంటే అదే.

జనవరి 26 మళ్ళీ వచ్చింది

తేదీ గుర్తుపెట్టుకోమన్నాను కదా. 1950 జనవరి 26, మొదటి రిపబ్లిక్ డే. అప్పటికి లతీఫ్ స్క్వాడ్రన్ లీడర్, నాలుగో నంబర్ స్క్వాడ్రన్ కమాండింగ్ ఆఫీసర్. టెంపెస్ట్ ఫైటర్లతో ఢిల్లీ మీదుగా ఫ్లైపాస్ట్‌ని లీడ్ చేశారు. బ్రిటిష్ వాళ్ళ కింద కమిషన్ తీసుకున్న రోజుకి సరిగ్గా ఎనిమిదేళ్ళకి, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజున, కొత్త రిపబ్లిక్ ఆకాశంలో ముందు నడిచారు.

ఆ తర్వాతి కాలాన్ని చాలామంది యూట్యూబర్లు స్కిప్ చేస్తారు, ఎందుకంటే అందులో డిష్యుం డిష్యుం తక్కువ. కానీ సీనియర్ ఆఫీసర్ తయారయ్యేది అక్కడే. 1961 నుంచి 1965 దాకా ఆయన వాషింగ్టన్‌లో ఎయిర్ అటాషే. అంటే మన ఎంబసీలో ఎయిర్‌ఫోర్స్ తరఫు మనిషి. అవతలి దేశాల దగ్గర ఏ టెక్నాలజీ ఉంది, మనకి ఏది ఇస్తారు, ఏది ఇవ్వరు, ఎందుకివ్వరు, ఇదంతా దగ్గర్నుంచి చూసే ఉద్యోగం. సరిగ్గా ఆ మధ్యలోనే 1962 చైనా యుద్ధం వచ్చింది. తిరిగొచ్చాక పూణేలో లోహెగావ్ బేస్‌ని కమాండ్ చేశారు.

ఒక డెవలపర్ కోడ్ బాగా రాస్తాడు. కానీ కంపెనీ నడపాలంటే క్లయింటు, బడ్జెట్టు, మనుషులు, రిస్కు అన్నీ తెలియాలి. ఎయిర్‌ఫోర్స్‌లోనూ అంతే. ఫ్లయింగ్ ఒక్కటే చాలదు. అందుకే పైకి వెళ్ళే ఆఫీసర్‌ని కాసేపు కాక్‌పిట్‌లో, కాసేపు ఫైళ్ళ మధ్య, కాసేపు విదేశాల్లో తిప్పుతారు.

1971: విమానాలు కాదు, ప్లానింగ్

1971 యుద్ధం నాటికి ఆయన ఎయిర్ హెడ్‌క్వార్టర్స్‌లో ప్లాన్స్ విభాగం చూసే అసిస్టెంట్ చీఫ్. ఏ ఆయుధాలు కొనాలి, ఎన్ని, అవి ఏ యూనిట్‌కి చేరాలి అనేది ఆ కుర్చీ పని. యుద్ధం నడుస్తున్నప్పుడు ఫార్వర్డ్ ఏరియాల్లో తిరిగి యూనిట్లకి ఏం కావాలో చూశారు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయేటప్పుడు ఆయన ఈస్టర్న్ సెక్టార్‌లో, షిల్లాంగ్‌లో ఉన్నారు.

ఆ యుద్ధం నేర్పిన పాఠం ఒకటి మన కొరిశపాడు రోడ్డుకి నేరుగా సంబంధించింది. డిసెంబరు 3న పాకిస్తాన్ మొదట కొట్టింది మన ఎయిర్‌ఫీల్డుల్ని. మనవాళ్ళు ఢాకాలోని తేజ్‌గావ్ రన్‌వే మీద మిగ్-21లతో బాంబులేసి గుంతలు పెట్టారు. అక్కడి పాకిస్తానీ ఫైటర్లు బాగానే ఉన్నాయి, కానీ లేవడానికి రన్‌వే లేదు. విమానాలన్నీ ఉండి కూడా నేల మీదే ఉండిపోయాయి. అందుకే రన్‌వేలు ఎన్ని ఎక్కువ ఉంటే, అవి ఎంత దూరదూరంగా ఉంటే అంత మంచిది. హైవే మీద అదనంగా ఒకటి రెడీగా ఉంచుకోవడం వెనక ఉన్న లాజిక్ ఇదే.

1978 నుంచి 1981: చీఫ్ కుర్చీ

తర్వాత కమాండ్లు చూసి, వైస్ చీఫ్‌గా చేసి, 1978లో ఆగస్టు ముగిసేసరికి ఎయిర్ చీఫ్ మార్షల్ లతీఫ్ వాయుసేన అధిపతి అయ్యారు. మన దేశంలో ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడింట్లో ఒకదానికి అధిపతి అయిన ముస్లిం ఆఫీసర్ ఇప్పటిదాకా ఆయనొక్కరే.

ఆయన చీఫ్ అయ్యేనాటికి ఎయిర్‌ఫోర్స్‌కి ఒక పెద్ద తలనొప్పి ఉంది. శత్రువు భూభాగంలోకి లోతుగా వెళ్ళి దాడి చేసే విమానాలు, అంటే క్యాన్‌బెర్రాలు, హంటర్లు, ముసలివైపోయాయి. వాటి బదులు కొత్తవి కావాలని ఏళ్ళ తరబడి చర్చ నడుస్తోంది. పోటీలో మూడున్నాయి. ఫ్రాన్స్ మిరాజ్ ఎఫ్-1, స్వీడన్ విగ్గెన్, బ్రిటన్-ఫ్రాన్స్ కలిసి చేసిన జాగ్వార్. విగ్గెన్ ఇంజిన్‌కి మూలం అమెరికా డిజైను, దాన్ని మనకి అమ్మడానికి అమెరికా ఒప్పుకోలేదు. ఒక దేశం విమానం కొనాలంటే ఇంకో దేశం సంతకం కావాలన్నమాట. ఈ ఆట ఎలా ఉంటుందో వాషింగ్టన్‌లో నాలుగేళ్ళు చూసిన మనిషి చీఫ్ కుర్చీలో ఉండటం చిన్న విషయం కాదు.

1978 అక్టోబరులో ప్రభుత్వం జాగ్వార్‌ని ఖరారు చేసింది. క్రెడిట్ అంతా ఒక్కరికే ఇవ్వలేం, ఆ పని ఆయనకి ముందున్నవాళ్ళు మొదలుపెట్టారు. కానీ కొన్నాక దించుకోవడం, పైలట్లని తయారు చేయడం, బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో తయారీ మొదలయ్యేలా చూడటం, ఇదంతా ఆయన టర్మ్‌లో పడ్డ బరువు. 1979 జూలైలో మొదటి జాగ్వార్లు అంబాలాలో దిగాయి. వాటికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు షంషేర్. మిగతా దేశాలన్నీ వాటిని పక్కన పెట్టేశాయి, మనం మాత్రం ఇంకా ఎగరేస్తూనే ఉన్నాం. అంటే ఒక చీఫ్ టర్మ్‌లో జరిగిన కొనుగోలు నలభై ఏళ్ళ తర్వాతి పైలట్ల చేతిలో కూడా ఉంటుంది. తప్పు కొంటే ఆ తప్పు కూడా అంతకాలమూ ఉంటుంది.

ఆయన కాలంలోనే సోవియట్ యూనియన్ నుంచి మిగ్-23, మిగ్-25 ఒప్పందాలు కూడా నడిచాయి. మిగ్-25 సంగతి చెప్పాలి. ధ్వని కంటే రెండున్నర రెట్లు మించిన వేగం, గంటకి దాదాపు 3,000 కిలోమీటర్లు. ఎనభై వేల అడుగుల ఎత్తు దాకా వెళ్ళి ఫోటోలు తీసే గూఢచారి విమానం. గుంటూరు నుంచి హైదరాబాదు ఇంచుమించు 270 కిలోమీటర్లు అనుకుంటే, ఆ టాప్ స్పీడులో ఐదారు నిమిషాల దూరం. వాపిటిలో అయితే గంట దాటుతుంది.

1981 ఆగస్టు చివర్లో రిటైర్ అయ్యే ముందు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, లతీఫ్ మిగ్-25లో ఎగిరారు. నలభై ఏళ్ళ కిందట పైకప్పు లేని గుడ్డరెక్కల విమానంతో మొదలైన మనిషి యూనిఫాంలో చేసిన ఆఖరి ఫ్లైట్ అది.

రిటైరయ్యాక 1982 నుంచి 1985 దాకా మహారాష్ట్ర గవర్నర్‌గా, ఆ తర్వాత 1988 దాకా ఫ్రాన్స్‌లో మన రాయబారిగా పని చేశారు. భార్య బిల్కీస్ లతీఫ్ రచయిత్రి, ముంబై ధారావిలో సేవ చేశారు, 2009లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన మళ్ళీ హైదరాబాదుకే వచ్చేసి, 2018లో తొంభై నాలుగేళ్ళ వయసులో అక్కడే కన్నుమూశారు. తర్వాత సికింద్రాబాదులో పుట్టిన ఫాలీ హోమీ మేజర్ కూడా 2007లో చీఫ్ అయ్యారు. హెలికాప్టర్ పైలట్ చీఫ్ అవ్వడం అదే మొదటిసారి. అంటే "ఫలానా బ్రాంచి వాళ్ళే వెళ్తారు, ఫలానా ఊరి వాళ్ళే వెళ్తారు" అని రాసిపెట్టి లేదు.

ఇప్పుడు మీ లెక్క

ఇక స్కిప్ చేయొద్దన్న భాగం. ఇక్కడ తెలివి కంటే ముందు వయసు అడ్డం వస్తుంది. చాలామందికి సంగతి తెలిసేసరికి గేటు పడిపోయి ఉంటుంది.

మీరు ఇంటర్‌లో ఉంటే ఎన్‌డీఏ. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య. ఎయిర్‌ఫోర్స్‌కి ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, అంటే ఎంపీసీ. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. 2022 నుంచి అమ్మాయిలకి కూడా ఎంట్రీ ఉంది. మన దగ్గర ఎంపీసీ చదివే లక్షల మందిలో ఎక్కువమందికి జేఈఈ, ఈఏపీసెట్ తప్ప ఈ పేరే ఎవరూ చెప్పరు.

మీరు డిగ్రీ, బీటెక్‌లో ఉంటే ఆఫ్‌క్యాట్. ఇది కూడా ఏడాదికి రెండుసార్లు. ఫ్లయింగ్ బ్రాంచికి ఇరవై నుంచి ఇరవై నాలుగు, గ్రౌండ్ డ్యూటీకి ఇరవై ఆరు దాకా. ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. ఇప్పుడు లెక్కేయండి. బీటెక్ అయ్యేసరికి ఇరవై రెండు. "ముందు ఒక జాబ్ చేసి చూద్దాం" అని అమీర్‌పేటలో కోర్సు, ఒక ఏడాది బెంచీ అయ్యేసరికి ఫ్లయింగ్ గేటు మూసుకుపోతుంది. మళ్ళీ తెరుచుకోదు.

రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూ బోర్డు దాదాపు ఐదు రోజులు. పైలట్ అవ్వాలంటే అక్కడే సీపీఎస్ఎస్ అనే కంప్యూటర్ టెస్ట్ కూడా ఉంటుంది. అది జీవితంలో ఒక్కసారే. ఫెయిలైతే ఫ్లయింగ్ బ్రాంచికి రెండో ఛాన్స్ లేదు. కాబట్టి "ఊరికే వెళ్ళి చూసొద్దాం" అని మాత్రం వెళ్ళకండి. సెలెక్ట్ అయితే ట్రైనింగ్ మన హైదరాబాదు పక్కనే, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో.

అగ్నివీర్ వాయు ఎయిర్‌మెన్ వైపు. నాలుగేళ్ళ సర్వీసు, ఆ తర్వాత పాతిక శాతం దాకా మాత్రమే రెగ్యులర్ చేస్తారు. అది చిన్నచూపు చూసే ఉద్యోగం కాదు. కానీ అది వేరే దారి అని తెలిసి వెళ్ళాలి. ఎవరైనా కోచింగ్ వాళ్ళు ఈ రెండిటినీ కలిపి "ఆఫీసర్ జాబ్ గ్యారంటీ" అని ఫీజు అడిగితే, నోటిఫికేషన్ మీరే తెరిచి వయసు, ర్యాంకు, సర్వీసు ఎన్నేళ్ళు అనే మూడు లైన్లు చదవండి. రెండు నిమిషాల పని. మీ నాన్నగారు పత్తి అమ్మిన డబ్బు మిగులుతుంది.

అందరూ చీఫ్ అవ్వరు. నిచ్చెన సంగతి మొదట్లోనే చెప్పాను. లతీఫ్‌కి కూడా చేరిన రోజు చేతిలో ఉన్నది ఒక పాత వాపిటి, పద్దెనిమిదేళ్ళ వయసు, అంతే. మీ ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ చివరి భాగం వాళ్ళకి పంపండి. వాళ్ళకి ఇంకా టైముంది.

వచ్చే ఎపిసోడ్‌లో సూర్యలంక. బాపట్ల బీచ్ పక్కన ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ఆకాశ్ మిసైళ్ళు పేల్చి ఎందుకు టెస్ట్ చేస్తారు, ఆ రోజుల్లో చేపల పడవలు ఎందుకు ఆపుతారు, అది చూద్దాం. అప్పటిదాకా ఉంటాను. బై.